జొన్న, ఆటో స్టార్టర్ పెట్టె, 74 రాత్రులు

నల్లగొండలో మోటార్ వైండింగ్ పని నాది. మా పిల్లి జొన్న తెల్లవారుజామున ఇంటిల్లిపాదినీ లేపుతుంటే, ఆపడానికి చేసిన పనుల డైరీ ఇది. ఇదే పని తలపెట్టినవాళ్ళు దశ 1ని, దశ 3లోని మొదటి యంత్రాన్ని చదివి వదిలేస్తే చాలు, చేయనక్కర్లేదు. నేను తగలేసిన రూ. 660, దాదాపు రెండు వారాల నిద్ర వాళ్ళకు మిగులుతాయి.

దశ 0: ముందు లెక్క (ఫిబ్రవరి 1–10, 2025)

ఇంట్లో నలుగురం. నేను, నా భార్య, అమ్మ, పదో తరగతి చదివే అమ్మాయి. మార్చి 21న అమ్మాయికి పరీక్షలు మొదలు. నేను పెట్టుకున్న గడువు అదే.

జొన్నకు మూడేళ్ళు. పచ్చజొన్న రంగు కాబట్టి ఆ పేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ రెండేళ్ళ క్రితమే అయింది, కాబట్టి ఎదకొచ్చిన అరుపులు కావు. అయినా పశువైద్యుడికి చూపించాను. ముసలి పిల్లులు రాత్రిపూట ఊరికే అరుస్తుంటే థైరాయిడ్ చూడాలట. ఇది వయసులో ఉంది, బరువు 3.6 కిలోలు, ఏ జబ్బూ లేదు. ఈ పరీక్ష చేయించకుండా మిగతా దశల జోలికి పోవద్దు. నొప్పితో అరిచే పిల్లిని క్రమశిక్షణలో పెట్టబోవడం పాపం.

లెక్కకు షాపులోని చుట్ల కౌంటర్ ఇంటికి తెచ్చాను. వైండింగ్ యంత్రానికి బిగించి ఉండే ఐదంకెల కౌంటర్ అది. మీట నొక్కితే ఒక అంకె జరుగుతుంది, చీకట్లో కూడా నొక్కవచ్చు. ఫోన్‌లో రాసుకుంటే వెలుతురు పడగానే జొన్న మంచమెక్కుతుంది. మంచం మీది మనిషి కళ్ళు తెరిస్తే ఒక సుప్రభాతం. అమ్మ హాల్లో పడుకుంటుంది, ఆమెను లేపినవి పొద్దున అడిగి కలిపేవాడిని.

పది రాత్రుల్లో 47 సుప్రభాతాలు. రాత్రి 11 నుంచి 2 మధ్య 6, 2 నుంచి 4 మధ్య 13, 4 నుంచి 6 మధ్య 28.

ఇంతవరకు ఎవరైనా రాస్తారు. నాకు పనికొచ్చింది పక్క గడి. ఎవరు లేచారు? అమ్మ 19 సార్లు, నేను 15, నా భార్య 9, ఎవరూ లేవనివి 4. లేచిన 43 సార్లలో 31 సార్లు దాని నోట్లో ఏదో ఒకటి పడింది. పాలో, పెరుగన్నమో, గుప్పెడు పొడి తిండో. మూడుసార్లు అరిస్తే రెండుసార్లు కూలి గిట్టే పనిని ఎవరు మానుకుంటారు? పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అంటారు కానీ, మా ఇంట్లో పిల్లి అరుపుకు ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటోంది.

మొత్తం: రాత్రులు 10, సుప్రభాతాలు 47, ఖర్చు రూ. 0.

దశ 1: తలుపు మూసేయడం (ఫిబ్రవరి 11–15)

పడకగది తలుపు గడియ వేశాం. తలుపు కింది భాగానికి రెండువైపులా అంటుకునే టేపు వేశాను, జిగురు పాదానికి తగిలితే పిల్లులకు గిట్టదు కాబట్టి. మొదటి రాత్రి టేపు అంటింది. రెండో రాత్రి నుంచి టేపుకు జానెడు పైన గీకడం మొదలుపెట్టింది. మూడో రాత్రి కూలర్ కిటికీకి అడ్డం పెట్టిన అట్టను నెట్టి లోపలికి దూకింది. చలికాలం కాబట్టి కూలర్ అటక మీద ఉంది, దాని ఖాళీ దీని దారి అయింది.

ఐదు రాత్రుల్లో 38 సుప్రభాతాలు. రాత్రికి 4.7 ఉన్నది 7.6 అయింది.

ఇది మా వృత్తిలోవాళ్ళకు తేలిగ్గా అర్థమయ్యే సంగతి. తిరుగుతున్న మోటారు మామూలు కరెంటు తీసుకుంటుంది. జామైతే ఐదారు రెట్లు లాగుతుంది. ఇన్నాళ్ళు పనిచేసిన అరుపు ఒక్కసారిగా పనిచేయకపోతే పిల్లి కూడా అంతే, మానేముందు బలమంతా పెట్టి చూస్తుంది. తేడా ఒక్కటే. మోటారైతే వెంటనే స్విచ్ ఆపాలి. ఇక్కడ పట్టుబట్టి ఆగాలి, కాలిపోయే వైండింగ్ మనది.

నేను ఆగలేదు. నాలుగో రాత్రి 2.30కి మొదలైన గీకుడుకు 3.10కి లేచి తలుపు తీశాను. ఆ రాత్రి నేను దానికి నేర్పిన పాఠం: 40 నిమిషాలు గీకితే తలుపు తెరుచుకుంటుంది. మర్నాడు 40 నిమిషాలకు తగ్గకుండా గీకింది. అప్పుడప్పుడు ఇచ్చే కూలి రోజూ ఇచ్చే కూలికంటే చెడ్డది, ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి ఆశ చావదు.

నీళ్ళు చిలకరించే సీసా కూడా నా భార్య ఒక రాత్రి ప్రయత్నించింది. సీసా కనిపిస్తే దూరంగా కూర్చుని అరిచింది. అంతే.

తలుపుకు అల్యూమినియం రేకు రూ. 180, టేపు రూ. 60.

మొత్తం: రాత్రులు 15, సుప్రభాతాలు 85, ఖర్చు రూ. 240.

ఫిబ్రవరి 16, 17 లెక్కలో లేవు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, వెళ్ళకుండా ఉండలేం. ఇంట్లో అమ్మ, జొన్న మాత్రమే ఉన్నారు. తిరిగొచ్చాక అడిగితే, "అసలు అరవనే లేదు బిడ్డా, అడగకముందే పెట్టాను" అంది. అప్పుడు నవ్వుకున్నాను. మూడు వారాల తర్వాత యంత్రంతో నేను చేయించిన పని కూడా అదే.

దశ 2: ఆట, ఆలస్యంగా భోజనం (ఫిబ్రవరి 18–27)

పిల్లి ఒంటి పద్ధతి వేటాడు, తిను, ఒళ్ళు నాకు, పడుకో. మేము రాత్రి ఏడింటికి తిండి పెట్టి, టీవీ ముందు ఒళ్ళో పడుకోబెట్టుకుని, పదింటికి దీపం ఆర్పేవాళ్ళం. అప్పటికి దాని నిద్ర పూర్తి. మార్చిన వరస:

1. 9.15కి పావుగంట ఆట. వెదురు బద్ద చివర పాత పంచె అంచు కట్టాను. దారం, ఊలు కట్టొద్దు, మింగితే పేగులకు చుట్టుకుంటాయి. గోడ మీద లేజర్ చుక్క కూడా వద్దు, ఎంత ఉరికినా పంజాకు ఏమీ దొరకక చిరాకు పడింది.
2. ఆట చివర బద్దను కదలనివ్వకుండా ఒకసారి పట్టుకోనివ్వాలి.
3. వెంటనే, 9.30కి, రోజులో పెద్ద భోజనం. పానగల్ ఉదయసముద్రం చెరువు చిన్న చేపలు దొరికిన రోజు ఉడికించి ముళ్ళు తీసి 40 గ్రాములు, దొరకని రోజు పొడి తిండి 14 గ్రాములు. ఉప్పు, కారం లేకుండా. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు, పిల్లుల రక్తానికి అవి విషం.
4. పాలు బంద్. పెద్దయిన పిల్లులకు పాలు సరిగా అరగవు. జొన్న ఇసుక తొట్టి చూస్తే ఆ సంగతి ఎప్పుడో తెలియాల్సింది.

ఇక్కడ ఒక కొలత పొరపాటు. రోజుకు 50 గ్రాముల పొడి తిండి దాని బరువుకు సరిపోతుంది. తూచడానికి రాగి తీగ తూచే కాటా వాడాను. దాని కనీస కొలత 5 గ్రాములు. 12 గ్రాములు పెడితే 10 అని ఒకసారి, 15 అని ఒకసారి చూపించింది. వారం రోజులు ఎంత పెట్టానో నాకే తెలియదు. తర్వాత పది వంతులు కలిపి తూచి పదితో భాగించాను. చిన్న కాటా కొననక్కర్లేదు.

పది రాత్రుల్లో 29. రాత్రి 11 నుంచి 2 మధ్య 1, 2 నుంచి 4 మధ్య 5, 4 నుంచి 6 మధ్య 23. రాత్రి మొదటి భాగం బాగుపడింది, తెల్లవారుజాము కదల్లేదు. మసక వెలుతురు వేళలే పిల్లి వేట వేళలు. వాటిని మార్చలేం, ఆ వేళకు అది వెళ్ళే చోటు మార్చవచ్చు.

తిండి సంచి రూ. 480.

మొత్తం: రాత్రులు 25, సుప్రభాతాలు 114, ఖర్చు రూ. 720.

దశ 3: మొదటి యంత్రం, దాని బుద్ధులు (ఫిబ్రవరి 28 – మార్చి 7)

ఆలోచన చిన్నది. కూలి ఆపలేం, ఇచ్చే చేతిని మార్చాలి. మనిషి కాకుండా ఒక పెట్టె తిండి పెడితే పిల్లి పెట్టెను లేపుకుంటుంది.

2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆ రోజుల్లో బోరు మోటార్ల దగ్గర, మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. తీసినవి కొన్ని మా షాపు మూలన ఇంకా ఉన్నాయి. ఒక రేకు పెట్టె, అందులోని ఆలస్యం రిలే (కొన్ని సెకన్లు లెక్కపెట్టి స్విచ్ మార్చే భాగం) తీసుకున్నాను. కొన్నవి: 12 వోల్టుల గేర్ మోటారు, నిమిషానికి 10 చుట్లు, రూ. 220. మూడంగుళాల పీవీసీ పైపు, ఒక మోచేయి వంపు రూ. 190. గోడకు పెట్టే మెకానికల్ టైమర్ రూ. 600. పైపులో తీగతో చేసిన మర తిరిగితే తిండి ముందుకు జరిగి పళ్ళెంలో పడుతుంది.

పొరపాటు 1. ఆ టైమర్ చక్రానికి 96 పళ్ళు, ఒక్కో పన్ను 15 నిమిషాలు. నాకు కావలసింది 4 సెకన్లు. ఆలస్యం రిలేతో నాలుగో సెకనుకు మోటారు ఆగేలా వైరింగ్ చేశాను. తెలివైన పని అనుకున్నాను.

పొరపాటు 2. మార్చి 3న పగలు 1 గంట 40 నిమిషాలు కరెంటు పోయింది. టైమర్ కూడా కరెంటు మీదే తిరుగుతుంది. మర్నాడు 4.30 తిండి 6.10కి పడింది. అప్పటికి జొన్న నా ఛాతీ మీద ఉంది.

పొరపాటు 3. మార్చి 5, తెల్లవారుజామున 4.30. తిండి పడింది. ఆ పావుగంటలోనే కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ రిలే లెక్క మొదటి నుంచి మొదలుపెట్టి మోటారు తిప్పింది. నాలుగు వంతులు, 48 గ్రాములు, దాదాపు ఒక రోజు తిండి. జొన్న అంతా తిని అమ్మాయి చెప్పుల మీద కక్కింది. కరెంటు రాగానే ఎవరినీ అడగకుండా మొదలుపెట్టడమే ఆటో స్టార్టర్ పని. ఇల్లు మారినా బుద్ధి మారలేదు. ఇరవై ఏళ్ళుగా ఇవే బాగుచేస్తున్న నాకు ఇది ముందే తోచకపోవడం సిగ్గుగానే ఉంది.

పొరపాటు 4. తిండి గింజ 10 మిల్లీమీటర్లు. మరకు, పైపుకు మధ్య సందు 6. గింజ సగం విరిగి ఇరుక్కుంటుంది. సందు 2 లోపైనా ఉండాలి, గింజ కంటే పెద్దదైనా ఉండాలి.

పొరపాటు 5. స్టీలు పళ్ళెం. తిండి పడ్డ చప్పుడుకు అమ్మాయి లేచింది. పిల్లి లేపలేదు కదా అని కౌంటర్ నొక్కలేదు, అమ్మాయి నొక్కించింది.

ఇవి కాక రంజాన్. మార్చి 2 నుంచి పక్కింట్లో సహ్రీ కోసం తెల్లవారకముందే పొయ్యి వెలుగుతోంది. కీమా వాసనకు జొన్న గోడ దూకి వెళ్ళేది. వాళ్ళు ప్రేమగా ఓ ముద్ద పెట్టేవాళ్ళు, అందులో ఉల్లి ఉంటుంది. వెళ్ళి చెప్పాను. "అయ్యో భాయ్, ముందే చెప్పకపోయారా" అని ఆ రోజు నుంచి మసాలా వేయకముందే ఒక ముక్క తీసిపెట్టారు. దాన్ని సాయంత్రం ఇవ్వమని అడిగాను. ఇఫ్తార్ వేళకు జొన్న గోడ మీద హాజరు.

ఎనిమిది రాత్రుల్లో 31. ఇందులో యంత్రం పాపం ఎంత, పక్కింటి కీమా పాపం ఎంత అని విడదీయలేను.

మొత్తం: రాత్రులు 33, సుప్రభాతాలు 145, ఖర్చు రూ. 1,730.

దశ 4: రెండో యంత్రం (మార్చి 8 నుంచి)

షాపులో పని నేర్చుకుంటున్న పాలిటెక్నిక్ కుర్రాడు టైమర్ చూసి నవ్వి, ఆర్డ్యునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, డీఎస్3231 గడియారం చిప్పు తెప్పించాడు. ఆ చిప్పుకు సొంత బటన్ సెల్ ఉంటుంది, ఇంటి కరెంటుతో పని లేదు, ఏడాదికి తేడా నిమిషం పైచిలుకు. బ్యాటరీ పాత మందు స్ప్రేయర్‌లోది, 12 వోల్టులు 8 ఆంపియర్ అవర్. పత్తి చేలకు మందు కొట్టడానికి బలం చాలదని రైతు వదిలేశాడు. రోజుకు కొన్ని సెకన్లు తిరిగే మోటారుకు అది బండెడు బలం.

కావలసినవి: నానో రూ. 300, గడియారం చిప్పు రూ. 150, రిలే రూ. 80, 12ను 5 వోల్టులకు దించే బోర్డు రూ. 70.

కట్టిన వరస:

1. మర తీసేసి ఆరు గదుల చక్రం పెట్టాను. గదుల గోడలకు ముందు ట్యూబు రబ్బరు కోసి వేశాను. జొన్న వాసన చూసి వెనక్కి తిరిగింది, దానిదే న్యాయం. తీసేసి పాత కుక్కర్ గాస్కెట్ ముక్కలు వేశాను. మెత్తగా వంగుతాయి కాబట్టి గింజ ఇరుక్కోదు.
2. గదికి దాదాపు 6 గ్రాములు. రెండు గదులు ఒక వంతు. పదిసార్లు తిప్పి తూచితే 115 గ్రాములు, అంటే వంతుకు 11.5. చాలు.
3. మొదట రెండు సెకన్లు తిప్పమని రాశాం. బ్యాటరీ దిగినకొద్దీ మోటారు నెమ్మదించి వంతు తగ్గింది. రూ. 20 మైక్రో స్విచ్ పెట్టి గదులను లెక్కపెట్టించాం. జీవితమంతా చుట్లు లెక్కపెట్టి బతికినవాడిని, సెకన్లను ఎందుకు నమ్మానో.
4. రెండో రోజే జొన్న వంపులోంచి చేయి పెట్టి గింజలు లాగింది. ఇంకో వంపు ఎదురు దిశలో కలిపాను, రూ. 60. ఆ తర్వాత చేయి అందలేదు.
5. పెట్టెను గోడకు రెండు మర మేకులతో బిగించాను, రూ. 20. బిగించకముందు దాని మీదికి దూకి హాలంతా ఈడ్చింది.
6. బ్యాటరీ తీగకు ఫ్యూజు తప్పనిసరి. బయటికి వచ్చే తీగలన్నీ గొట్టంలోంచి పోవాలి.
7. ప్లాస్టిక్ గిన్నె, దాని కింద నీళ్ళ పళ్ళెం. లేకపోతే చీమలు.

మోటారు చప్పుడు తగ్గించడానికి తంటాలు పడొద్దు. ఆ గర్రుమనే శబ్దం పిల్లికి పిలుపు. మూడో రోజుకే చప్పుడు వినగానే మంచం దిగి పరుగెత్తింది. పెట్టెను మంచానికి దూరంగా పెడితే చాలు, మాది ఏడు మీటర్లు.

మొత్తం ఖర్చు రూ. 2,430. ఆ తర్వాత పెరగలేదు.

దశ 5: వేళ జరపడం (మార్చి 8 – ఏప్రిల్ 17)

మొదటి యంత్రం తిండిని 4.30కి పెట్టడమే తప్పు. జొన్న నాలుగింటికే లేస్తోంది, అరగంట మమ్మల్ని లేపి తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళేది. అరుపు తర్వాత పడ్డ తిండి అరుపుకు ఇచ్చిన కూలే. అందుకని అడగకముందే, 3.45కి పెట్టి, మూడు రాత్రులకొకసారి పది నిమిషాలు ఆలస్యంగా జరపాలనుకున్నాను. మిగతా రెండు వంతులు మధ్యాహ్నం 12కి, సాయంత్రం 6కి.

మార్చి 8–10: 3.45. మూడు రాత్రుల్లో 9. మానేముందు బలం పెట్టడం మళ్ళీ చూశాం. ఈసారి నలుగురం దుప్పటి ముసుగేసి కదల్లేదు.

మార్చి 11–13: 3.55. సున్నా. సున్నా. సున్నా. నేను నమ్మలేదు, కారణం గిన్నె. మూడు వంతులకు రోజుకు 36 గ్రాములు పడాలి. రాత్రికి గిన్నెలో మిగిలింది తూచితే 20. అరవని పిల్లి, తినని పిల్లి. జబ్బేమో అని భయపడ్డాను, ఆటలో మాత్రం హుషారుగానే ఉంది. 13న తెల్లవారి వాకిలి చల్లడానికి లేచిన అమ్మ వెనకే వెళ్ళాను. మెట్టు మీద కొబ్బరి చిప్ప, చిప్పలో పాలు, పాల ముందు జొన్న.

"యంత్రం పెట్టిన తిండి దానికి సయించడం లేదు బిడ్డా. నోరులేని జీవం, చూస్తూ ఊరుకోమంటావా?"

అరుపుల లెక్క నాకు చెప్పడం కూడా మానేసింది. కాబట్టి ఆ మూడు సున్నాలు నిజం కావు. ఎన్ని కలపాలో తెలియదు కాబట్టి కౌంటర్ ముట్టుకోలేదు, పుస్తకంలో మాత్రం ఎర్ర గీత గీశాను.

వాదించి గెలవలేదు. అమ్మకు పెట్టె తాళం ఇచ్చాను. రోజూ రాత్రి 9.30కి చేప గిన్నె పెట్టడం, పెట్టెలో తిండి నింపడం, మిగిలింది తూచి నాకు చెప్పడం ఆమె పని. చిప్ప మళ్ళీ మొక్కల దగ్గరికి పోయింది. యంత్రంలో నేను చేసిన మార్పులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

మార్చి 14–16: 4.05. మూడు రాత్రుల్లో 3. ఇవి నిజమైన లెక్క.

మార్చి 17: పరీక్షలు దగ్గరపడ్డాయన్న తొందరలో ఒకేసారి 40 నిమిషాలు జరిపి 4.45 చేశాను. ఆ రాత్రి 5, మర్నాడు 4. అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మార్చి 19: 4.15కి తిరిగి తెచ్చి, మళ్ళీ పది నిమిషాల లెక్కే. అప్పటి నుంచి ఏప్రిల్ 4 వరకు 17 రాత్రుల్లో 11. పరీక్షలున్న రోజుల్లో అమ్మాయి లేచింది రెండుసార్లు, అందులో ఒకసారి లెక్కల పరీక్ష భయంతో, పిల్లి కాదు.

ఏప్రిల్ 5–17: 13 రాత్రుల్లో 5. ఏప్రిల్ 15న వేళ 5.45కి చేరింది. ఫిబ్రవరిలో 6.40 దాటాక పొడిచిన పొద్దు ఇప్పుడు ఆరింటికే వస్తోంది. ఇంకా జరిపితే వెలుతురుతో కొట్లాడాలి. అక్కడే ఆపాను.

మొత్తం: రాత్రులు 74, సుప్రభాతాలు 182, ఖర్చు రూ. 2,430. అందులో టేపు, టైమర్ కలిపి రూ. 660 దండగ. జొన్న బరువు 3.7 కిలోలు.

ఏప్రిల్ 18: కౌంటర్ షాపుకు తీసుకెళ్ళాను. ఎండలు ముదిరాయి, బోర్లు అడుగంటి మోటార్లు కాలి వరసగా వస్తున్నాయి, ఏడున్నర హెచ్‌పీ మోటారు ఒకటి బల్ల మీద ఉంది. సున్నాకు తిప్పేముందు 00182 అని పుస్తకంలో రాసుకున్నాను.

మే 4: డాబా మీద పడుకుంటున్నాం. పెట్టె కిందే ఉంది. 5.45కి గర్రుమన్న చప్పుడు కింద వినిపించింది, పది నిమిషాలకు జొన్న మెట్లెక్కి వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర పడుకుంది. కౌంటర్ లేదు కాబట్టి పుస్తకంలో 1 వేయబోయాను. తను అప్పటికే మెలకువతో ఉన్నానని, అది లెక్కలోకి రాదని అమ్మ కొట్టేయించింది.